పుచ్చలపల్లి సుందరయ్య: విద్యార్థులకు ఒక జీవిత పాఠం

పరీక్ష హాలులో జవాబు తోచనప్పుడు పక్కవాడి కాగితం వైపు చూడాలా వద్దా అనేది విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యే ధర్మసంకటం. చూస్తే మార్కులొస్తాయి, చూడకపోతే మనశ్శాంతి మిగులుతుంది. పెద్దయ్యేకొద్దీ ఈ సంకటం రూపం మార్చుకుంటుందే గాని మనల్ని వదిలిపెట్టదు. ఆస్తి పంపకాల దగ్గర, ఉద్యోగంలో, పదిమందికి పెద్దగా నిలబడినప్పుడు మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న ఎదురవుతుంది. మంచికీ చెడ్డకీ మధ్య ఎంచుకోవడం ఒక రకంగా తేలికే. రెండు మంచిపనుల మధ్యనో, రెండు నష్టాల మధ్యనో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడే మనిషి సంగతి బయటపడుతుంది.

అలాంటి చోట్ల ఒక మనిషి ఎలా నడిచాడో చూడాలంటే మనం దూరదేశాల చరిత్రలు వెదకనక్కరలేదు. మన నెల్లూరు సముద్రతీర ప్రాంతంలోనే పుట్టి, దేశమంతటా పేరు పొందిన పుచ్చలపల్లి సుందరయ్యగారి జీవితం ఉంది. ఆయన కమ్యూనిస్టు నాయకుడు. మన సొసైటీకి రాజకీయాలతో పని లేదు, ఈ నాలుగు మాటలూ ఏ పార్టీ గొప్పా చెప్పడానికి కాదు. ఆయన సిద్ధాంతం ఒప్పుకోనివాళ్లు, దైవభక్తిపరులు కూడా ఆయన నడవడికి తల వంచారు. ఎందుకు వంచారో మన పిల్లలకు తెలియాలనే ఈ ప్రయత్నం.

సుందరయ్యగారు 1913 మే 1న అలగానిపాడు గ్రామంలో పుట్టారు. పెన్నకు ఉత్తరాన, ఇప్పటి విడవలూరు మండలంలో ఉంది ఆ ఊరు. మాగాణి నేల. భూములున్న కుటుంబం. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఆరేళ్ల వయసులోనే తండ్రి పోయారు. ఆ తర్వాత చదువు తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసు అంటూ ఊరూరా సాగింది. మద్రాసులో లయోలా కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో అంత చదువుకున్న కలవారి పిల్లవాడికి ప్లీడరు గిరీయో, సర్కారు ఉద్యోగమో చేతికందినట్టే లెక్క.

సరిగ్గా అప్పుడే, 1930లో, ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. కుర్రవాడికి పదిహేడేళ్లు. ఇటు చదువు, ఇంటివాళ్ల ఆశలు. అటు దేశం పిలుపు. ఆయన కాలేజీ వదిలి సత్యాగ్రహంలో చేరారు, అరెస్టయ్యారు. చిన్నవయసు కాబట్టి తంజావూరులోని బోర్స్టల్ స్కూల్లో ఉంచారు. నేరం చేసిన కుర్రవాళ్లను దిద్దడానికి పెట్టిన జైలు లాంటి బడి అది. తనను అక్కడ పెట్టారని ఆయన కుంగిపోలేదు. అక్కడే కొత్త మనుషులతో, కొత్త భావాలతో పరిచయం పెంచుకున్నారు.

ఇది చదివి పిల్లలు చదువు మానేస్తే గొప్పవాళ్లవుతామని అనుకోకూడదు. సుందరయ్యగారు మానింది కాలేజీనే గాని చదువును కాదు. జీవితాంతం పుస్తకం వదలలేదు. ఆయన పోగుచేసిన పుస్తకాలే ఆధారంగా తర్వాత హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం వెలిసింది. డిగ్రీ చేతికి రాని మనిషి పేరుమీద పరిశోధకులు వచ్చి చదువుకునే గ్రంథాలయం ఏర్పడింది.

జైలు నుంచి వచ్చాక ఆయన సొంత ఊళ్లోనే పని మొదలుపెట్టారు. అసలు సంకటం ఇక్కడే ఉంది. తెల్లదొరను ఎదిరించడానికి ధైర్యం కావాలి, నిజమే. కాని ఆ ధైర్యానికి ఊరంతా చప్పట్లు కొడుతుంది. సొంత బంధువుల పొలాల్లో పనిచేసే కూలీలకు న్యాయమైన కూలి ఇవ్వమని, వెట్టి మానమని అడిగితే చప్పట్లు కొట్టేవాళ్లుండరు. అన్నం పెట్టిన ఇంటికే ఎదురు తిరిగాడంటారు. ఆయన వ్యవసాయ కూలీలను కూడగట్టారు. దళితులతో కలిసి కూర్చుని అన్నం తిన్నారు. ఊళ్లో చౌకగా సరుకులు దొరికే దుకాణం పెట్టారు, చదువు నేర్పారు. పేరు చివరనున్న రెడ్డి అనే మాటను తీసేసి ఉత్త సుందరయ్య అయ్యారు. పేరు మార్చుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కాని ఆ రెండక్షరాలు ఊళ్లో ఎంత మర్యాద తెచ్చిపెడతాయో తెలిసిన వాళ్లకే ఆ త్యాగం బరువు తెలుస్తుంది.

ఈ రోజుల్లోనే ఆయనకు గురువు దొరికారు. మన పాఠకులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగిన పేరు అది: అమీర్ హైదర్ ఖాన్. ఇప్పటి పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెలో ఒక పేద ముస్లిం కుటుంబంలో పుట్టి, చిన్ననాడే ఇల్లు విడిచి, ఓడల్లో పనివాడుగా ప్రపంచమంతా తిరిగిన మనిషి. మీరట్ కుట్రకేసులో పోలీసులు వెదుకుతుంటే తప్పించుకుని మద్రాసు చేరి, శంకర్ అనే మారుపేరుతో రహస్యంగా పనిచేశారు. ఎక్కడి రావల్పిండి, ఎక్కడి అలగానిపాడు! భాష వేరు, మతం వేరు, పుట్టుక వేరు. అయినా ఆ ఓడ కూలీ మాట విని ఈ భూస్వామి బిడ్డ తన దారి ఖాయం చేసుకున్నాడు. 1932లో ఖాన్‌గారు అరెస్టయ్యాక దక్షిణ దేశంలో పార్టీని నిర్మించే బాధ్యత సుందరయ్యగారి భుజాల మీద పడింది. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్లు దాటలేదు. 1934లో కేంద్ర కమిటీ సభ్యుడయ్యారు.

తర్వాతి పరీక్ష ఆస్తి విషయంలో వచ్చింది. భూమి పేదలకు చెందాలని సభల్లో మాట్లాడుతూ, ఇంటికెళ్లి తన వాటా పొలం కౌలుకిచ్చుకునే నాయకులు ఆ రోజుల్లోనూ ఉన్నారు. సుందరయ్యగారు తన వాటాకు వచ్చిన ఆస్తిని అమ్మి ఆ సొమ్ము ఉద్యమానికి ఇచ్చేశారు. 1943లో బొంబాయికి చెందిన లీలగారిని వివాహం చేసుకున్నారు. దంపతులిద్దరూ ఆలోచించుకుని పిల్లలు వద్దనుకున్నారు. పిల్లలుంటే వాళ్లకోసం ఏదో ఒకటి కూడబెట్టాలనే ఆశ పుడుతుందని, ప్రజాసేవకు అది అడ్డమవుతుందని వారి భావన. సంతానాన్ని వరంగా భావించే మన కుటుంబాల్లో చాలామందికి ఈ నిర్ణయం మింగుడుపడదు. మనం దాన్ని అనుసరించనక్కరలేదు. కాని ఒక్కటి గమనించాలి. మన పిల్లల కోసం అనే మాట చాటున మనుషులు ఎన్ని తప్పులు చేస్తారో ఆయన ముందుగానే చూడగలిగారు. పిల్లలున్న మనం ఆ మాటను ఇంకా జాగ్రత్తగా వాడాలి.

ఆయన జీవితంలో అన్నిటికంటే బరువైన కాలం తెలంగాణ సాయుధ పోరాటం. 1946లో జమీందారీ దౌర్జన్యాల మీద, వెట్టి మీద మొదలైన పోరాటం 1951 అక్టోబరు దాకా నడిచింది. ఆయన దాని ముఖ్య నాయకుల్లో ఒకరు. 1948 నుంచి 1952 దాకా రహస్య జీవితం గడిపారు. సెప్టెంబరు 1948లో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిశాక పోరాటం ఆపాలా, సాగించాలా అని పార్టీలోనే తీవ్రమైన భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఆపితే రైతులు సంపాదించుకున్న భూమి చేజారుతుందనే భయం. సాగిస్తే ఇంకా ఎందరి ప్రాణాలు పోతాయోనన్న భయం. ఆయన తర్వాత రాసిన లెక్క ప్రకారం ఆ పోరాటంలో నాలుగు వేలమంది దాకా చనిపోయారు, పది వేలమందికి పైగా జైళ్లలో, శిబిరాల్లో మగ్గారు. చివరికి పోరాటాన్ని విరమించారు.

ఆ పోరాటం మంచిచెడ్డలు చరిత్రకారులు ఈనాటికీ చర్చిస్తూనే ఉన్నారు. విద్యార్థులు చూడవలసింది మరొకటి. ఇరవై ఏళ్ల తర్వాత, 1972లో, సుందరయ్యగారు ఆ పోరాట చరిత్రను పెద్ద గ్రంథంగా రాశారు. దాని పేరులోనే గుణపాఠాలు అనే మాట చేర్చారు. వీరగాథ ఒక్కటే రాసి ఊరుకోవచ్చు, పొగిడేవాళ్లకు కొదవ లేదు. ఆయన జరిగిన పొరపాట్లు కూడా రాశారు. తనను నమ్మి ప్రాణాలిచ్చిన వాళ్లకు నాయకుడు చెల్లించగల బాకీ అదొక్కటే. తప్పు దాచిన నాయకుడి వెనక నడిచినవాళ్లు అదే గోతిలో మళ్ళీ పడతారు.

పోరాటం ముగిశాక 1952లో రాజ్యసభకు ఎన్నికయ్యారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955లోనూ 1962లోనూ, మళ్ళీ 1978లోనూ గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ వెంటనే అరెస్టయి 1966 మే దాకా జైల్లో గడిపారు. పదవి వస్తే ముందు వచ్చేది సుఖం అని అనుకునే వాళ్లకు ఇదొక జవాబు.

ఇక చివరి సంకటం. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. ప్రజల హక్కులు పోయాయి, ప్రతిపక్ష నాయకులు జైళ్లపాలయ్యారు. దాన్ని ఎదిరించడానికి అన్ని పార్టీలూ కలవాలని ఎక్కువమంది అభిప్రాయం. జనసంఘ్‌తో, దాని వెనకనున్న ఆర్.ఎస్.ఎస్.తో కలిసి నడవడం తగదని సుందరయ్యగారి అభిప్రాయం. పార్టీ నిర్మాణం విషయంలో కూడా తోటి నాయకులతో ఆయనకు తేడాలొచ్చాయి. ఎమర్జెన్సీని ఎదిరించడమూ మంచిదే, తాను నమ్మిన సూత్రం నిలుపుకోవడమూ మంచిదే. అధికారం తన చేతిలో ఉంది కాబట్టి మిగిలినవాళ్లను నోరు మూయించవచ్చు. లేదా కుర్చీ కోసం తనే నోరు మూసుకోవచ్చు. ఆయన రెండూ చేయలేదు. 1975 ఆగస్టులో కారణాలన్నీ వివరంగా ఉత్తరం రాసి, దేశంలోని తన పార్టీలో అన్నిటికంటే పెద్ద పదవిని వదులుకున్నారు.

ఆయన అభిప్రాయం సరైనదా, మిగిలినవారిది సరైనదా అన్నది వేరే చర్చ. గమనించవలసింది ఆ తర్వాతి నడవడి. అలిగి ఇంకో పార్టీ పెట్టలేదు. ఊరూరా తిరిగి పాత మిత్రులను తిట్టలేదు. మన రాష్ట్రానికే తిరిగి వచ్చి అదే పార్టీలో చిన్న బాధ్యతలతో పనిచేశారు. నిన్నటిదాకా దేశానికి నాయకుడైన మనిషి మళ్ళీ పల్లెలకు తిరిగాడు. మన సంఘాల్లో ఒక ఏడాది సెక్రటరీ పదవి పోతే మరుసటి ఏడాది మీటింగుకు రావడం మానేసే వాళ్లను చూస్తుంటాం. ఈ విషయం పిల్లలకే కాదు, పెద్దలకూ పనికొస్తుంది.

1985 మే 19న సుందరయ్యగారు కన్నుమూశారు. కొడుకులూ కూతుళ్లూ లేరు, ఆస్తిపాస్తులు లేవు. అయినా అంతిమయాత్రకు జనం విరగబడ్డారు.

ఇంతకూ విద్యార్థులు తీసుకోవలసింది ఏమిటి? ఆయన ఎదుర్కొన్న ప్రతి సంకటంలోనూ ఒక పద్ధతి కనిపిస్తుంది. ఏ దారి ఎంచుకుంటే తనకు నష్టమో ముందు అది చూసుకునేవారు. ఆ నష్టం తప్పించుకోవడానికే మనసు రెండో దారిని మంచిదని చెబుతోందేమో అని అనుమానించేవారు. తర్వాత నిర్ణయం. నిర్ణయం తప్పని తేలితే ఒప్పుకోలు. సాయం చేసే మనిషి ఏ మతంవాడు, ఏ ఊరివాడు అని అడగకపోవడం అన్నిటికీ పునాది.

పరీక్ష హాలులోని కుర్రవాడి దగ్గరికి మళ్ళీ వద్దాం. పక్క కాగితం వైపు చూడకుండా తెల్లకాగితం ఇచ్చి బయటికొచ్చినవాడికి ఆ పూట సున్నా వస్తుంది. ఇంటి దగ్గర చీవాట్లు కూడా తప్పవు. కాని రేపు వాడు పదిమందికి పెద్దయి సంఘం డబ్బు చేతిలో పెట్టుకున్నప్పుడు, ఆ సున్నాయే వాణ్ణి కాపాడుతుంది. మన ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లవాడి మార్కుల కాగితం చూసేటప్పుడు, ఈ ఒక్క సంగతి కూడా అడిగి తెలుసుకుంటే మంచిది.