పురుగులతో నిండిన గది

1761వ సంవత్సరము ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైరు ప్రాంతమున, పాలర్స్‌పరీ అను పల్లెలో విలియం కేరీ జన్మించెను. తండ్రి ఎడ్మండ్ నేతపనివాడు. కుమారునికి సుమారు ఆరేండ్లు వచ్చునప్పటికి ఆయన గ్రామ పాఠశాల ఉపాధ్యాయుడాయెను. కలిమిగల ఇల్లు కాదది. అయినను బాలునికి ఆ ఇంట ఒక గది దొరకెను.

ఆ గది మూలమూలల పురుగులే. అవి ఎట్లు ఎదుగునో కనిపెట్టుటకై అతడు వాటిని తెచ్చి ఉంచెడివాడు. పక్షులను కూడ పెంచెను. పొరుగూరికి పోయినప్పుడు వాటిని చెల్లెలు మేరీకి అప్పగించెడివాడు. ఆ చిన్నది అతిప్రేమచేత కొన్నిటిని చంపినది కూడ! ఆమె దుఃఖము చూచి, మరల ఆమెకే వాటిని అప్పగించెను. బురదదారులలో ఆమెను ఎత్తుకొనిపోయి మొక్కలను చూపించెడివాడు. ఇట్టి గదిని ఒక్క పూటలో ఊడ్పించి శుభ్రము చేయించు తలిదండ్రులు ఏ దేశమందైనను కొల్లలుగా నుందురు. ఎడ్మండ్ దంపతులు ఆ పని చేయలేదు.

తండ్రి సహోదరుడు పీటర్ కెనడాలో సైనికుడుగా నుండి తిరిగివచ్చి, తోటపని చేయుచుండెను. మొక్కల యెడల పిల్లవానికున్న ఆశకు ఈయన సాంగత్యము తోడాయెను. విలియం ఇంటనున్నంత కాలము తండ్రి తోట మరెన్నడును లేనంత చక్కగా నుండెనని మేరీ తరువాతి కాలమున జ్ఞాపకము చేసికొనెను.

అయితే ఎండ తగిలినచో అతని చర్మము సహింపరాని బాధ పెట్టెడిది. రెండేండ్లు పొలము పనికి ప్రయత్నించి, విధిలేక పాదరక్షలు కుట్టువాని యొద్ద పనికి కుదిరెను. తోటమాలి కావలసినవాడు నీడపట్టున తోలు కోయుచు కూర్చుండెను. అక్కడనున్న ఒక వ్యాఖ్యాన గ్రంథములో తెలియని లిపి కనబడగా, ఆ అక్షరములను చూచి వ్రాసికొని, స్వగ్రామములోని టామ్ జోన్స్ అను నేతగాని యొద్దకు కొనిపోయెను. ఒకప్పుడు మంచి విద్య నేర్చి, దుర్వ్యయముచేత చెడినవాడీ జోన్స్. అవి గ్రీకు అక్షరములని చెప్పి, చదువ నేర్పినవాడు ఆయనే. 1818లో సీరాంపూరు ముద్రణాలయమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడుటకు వెనుక ఈ నేతగాని ఉపకారము కూడ ఉన్నదని మనము మరువరాదు.

1793లో కేరీ బంగాళమునకు వచ్చెను. సీరాంపూరులో సుమారు అయిదెకరముల తోట వేసెను. ఇంగ్లాండునుండి వచ్చిన విత్తనముల సంచిని ఒక నీడచోట దులుపగా, కొన్ని దినములకు డెయిజీ మొక్క మొలిచెను. చిన్ననాట పొలము గట్లపై చూచిన పువ్వది! సామర్లకోటలో తోట పెంచి, తరువాత కలకత్తా ఉద్యానవనమునకు అధికారియైన రాక్స్‌బర్గ్, కుంభి వృక్షజాతికి కేరీ పేరు పెట్టెను. ఆయన మరణానంతరము కేరీ ఆయన ఫ్లోరా ఇండికాను పరిష్కరించి, 1832లో మూడు సంపుటములుగా ప్రచురించెను. 1823 నాటి వరద తోటను పాడుచేయగా, దానిని మరల నాటెను.

చివరి వ్యాధిలో నడువలేనప్పుడు చక్రముల కుర్చీలో తోటకు తీసికొనిపోవుచుండిరి. అదియు సాధ్యము కానప్పుడు ప్రధాన తోటమాలి గదిలోనికే వచ్చి మొక్కల సంగతులు చెప్పుచుండెను. ఒకనాడు కేరీ దిగులుగా నుండెను. తాను పోయిన తరువాత సహోదరుడు మార్ష్‌మన్ తోటలోనికి ఆవులను తోలునేమోనని ఆయన భయము. తనకు మొక్కలయందు అట్టి అభిరుచి లేకున్నను, ఆ తోటను కాపాడుట పవిత్రమైన బాధ్యతగా ఎంచుదునని మార్ష్‌మన్ మాట ఇచ్చెను. 1834 జూన్ 9న కేరీ ప్రభువునందు నిద్రించెను.