అడవిని లెక్కపెట్టిన శాస్త్రవేత్త – డీట్రిచ్ బ్రాండిస్

జంషెడ్‌పూర్‌లో వసంతం వచ్చిందంటే సర్హుల్ పండుగ వచ్చినట్టే. పండుగ మరునాడు మా తరగతిలో కొందరు పిల్లలు చెవిమీద సాల్ పూలు పెట్టుకొనే బడికి వస్తారు. మన ఉత్తరాంధ్రలో గుగ్గిలం అనే చెట్టే ఇక్కడి సాల్. బదిలీల మీద ఊరూరూ తిరిగే మాకు కొత్త ఊళ్ళో పాత పరిచయం కనిపిస్తే సంతోషం. ఒకసారి దల్మా కొండల దగ్గర ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు, ఇన్ని చెట్లను ఎవరైనా ఎప్పుడైనా లెక్కపెట్టారా అని అడిగాడు. అప్పుడు సగమే చెప్పగలిగాం. మిగతా సగం ఇదిగో.

డీట్రిచ్ బ్రాండిస్ 1824 మార్చి 31న జర్మనీలోని బాన్ నగరంలో పుట్టాడు. తండ్రి తత్త్వశాస్త్ర ఆచార్యుడు. తండ్రి ఉద్యోగం కారణంగా బాల్యంలో కొంతకాలం గ్రీసు దేశపు ఏథెన్స్‌లో గడిచింది. వృక్షశాస్త్రం చదివి, బాన్ విశ్వవిద్యాలయంలోనే అధ్యాపకుడయ్యాడు. అలాగే ఉండిపోతే మనకు ఆయన పేరు తెలిసేది కాదు.

1852లో ఆంగ్లేయులు బర్మాలోని పెగూ ప్రాంతాన్ని ఆక్రమించారు. అక్కడి టేకు మీద కలప వ్యాపారుల కన్ను పడింది. కొట్టుకుంటూ పోతే అడవి ఎన్నేళ్ళు ఉంటుంది? ఆ సంగతి తేల్చేవాడి కోసం గవర్నర్ జనరల్ డల్హౌసీ చూస్తున్నాడు. బ్రాండిస్ భార్య రేచెల్, సిరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ కుమార్తె. ఆ బంధుత్వం ద్వారా ఆయన పేరు డల్హౌసీ దాకా చేరింది. 1856లో బ్రాండిస్ పెగూలో అడుగుపెట్టాడు.

చెట్లను లెక్కపెట్టడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి చాలా తేలికైనది. అడవిలో ఒక దారి వెంట ఏనుగు మీద సాగిపోయేవాడు. ఎడమచేతిలో కొన్ని వెదురు ముక్కలు, కుడిచేతిలో చాకు. చెట్ల చుట్టుకొలతను బట్టి వాటిని తరగతులుగా విభజించి, ఒక్కో తరగతికి ఒక్కో ముక్క కేటాయించాడు. దారి పక్కన టేకు చెట్టు కనబడగానే ఆ తరగతి ముక్క మీద ఒక గాటు పెట్టేవాడు. వానలోనూ కాగితం తడుస్తుందన్న భయం లేదు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకునేవాడు. పెద్ద చెట్లు ఎన్ని, వాటి స్థానంలోకి ఎదుగుతున్న చిన్నవి ఎన్ని అన్నది తెలిస్తే, ఏటా ఎన్ని కొట్టవచ్చో తేలుతుంది. వ్యాపారులకు ఈ లెక్క నచ్చలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. పోడు వ్యవసాయం చేసే కరెన్ జాతివారిని అడవి నుంచి తరమలేదు. వారి పొలాల్లోనే పంటతో పాటు టేకు విత్తనం వేయించి, అందుకు డబ్బు ఇప్పించాడు. ఈ పద్ధతినే టౌంగ్యా అంటారు.

అప్పటికి భారతదేశంలో రైలు మార్గాలు వేగంగా పరుచుకుంటున్నాయి. పట్టాల కింద వేసే స్లీపర్లకు టేకు, దేవదారు, సాల్ కావాలి. 1864లో అటవీ శాఖ ఏర్పడినప్పుడు దాని మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా బ్రాండిస్‌నే నియమించారు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. వరి నాటినవాడు అదే ఏడు కోసుకుంటాడు. సాల్ గింజ మొలిచి మాను కావడానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది. అంతకాలం ఏ వ్యాపారీ ఆగడు. ఆగగలిగేది ప్రభుత్వం ఒక్కటే. అందుకే అడవి పరిశోధనకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలని, అటవీ ఉద్యోగికి చదువు కావాలని బ్రాండిస్ పట్టుబట్టాడు. 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల ఆయన హయాంలోనే మొదలైంది.

అదే ఏడు అటవీ చట్టం కూడా వచ్చింది. అడవిలో కొంత ప్రభుత్వానిది, కొంత గ్రామానిది కావాలని బ్రాండిస్ వాదించాడు. ఊళ్ళవాళ్ళు దేవుడి పేరిట కాపాడుకునే వనాలను ఆయన దేశమంతటా చూసి మెచ్చుకున్నాడు. మన జార్ఖండ్ పల్లెల్లోని సర్నా తోపులు అలాంటివే. అయితే అడవి మీద పూర్తి హక్కు సర్కారుదే అన్న బేడెన్ పావెల్ వాదమే చివరికి నెగ్గింది. గ్రామ అడవుల మాట చట్టంలో ఉన్నా ఆచరణలో పెద్దగా కనబడలేదు. మద్రాసు ప్రభుత్వం, ప్రజల హక్కులు పోతాయంటూ ఆ చట్టాన్ని ఒప్పుకోలేదు. 1881లో బ్రాండిస్ స్వయంగా దక్షిణాదికి వచ్చి తిరిగాడు. ఆ తర్వాత వచ్చిన 1882 మద్రాసు అటవీ చట్టమే మన ఆంధ్ర జిల్లాల్లో 1967 దాకా నడిచింది.

అడవికి అధికారి వచ్చాడు, అడవిబిడ్డ పరాయివాడయ్యాడు. కట్టె కొట్టుకుంటే నేరం, పశువును తోలితే జరిమానా. బిర్సా ముండా ఉద్యమం వెనక ఉన్న బాధల్లో ఇదీ ఒకటి. బ్రాండిస్ మంచి మాట చెప్పాడన్నది నిజం. ఆయన నిర్మించిన శాఖే ఆ మాటను పక్కన పెట్టిందన్నదీ నిజమే. ఆయన జీవితం చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి.

1883లో పదవీ విరమణ చేసి బాన్‌కు వెళ్ళాక కూడా ఆయన విశ్రాంతి తీసుకోలేదు. 1889లో గిఫర్డ్ పించో అనే అమెరికన్ యువకుడు సలహా కోసం వస్తే, ఎక్కడ ఏం చదవాలో దారి చూపాడు. ఆ పించోనే తర్వాత అమెరికా అటవీ శాఖకు మొదటి అధిపతి అయ్యాడు. అమెరికా నడుమ చెట్టన్నది లేని ప్రెయిరీ గడ్డిభూములు ఉన్నాయి. అక్కడి నెబ్రాస్కా ఇసుక దిబ్బల మీద చెట్లు బతుకుతాయా అని ఆచార్య చార్లెస్ బెస్సీ అడుగుతూ వచ్చాడు. ప్రభుత్వ సాయంతో 1891లో ప్రయోగం మొదలైంది. 1902లో అక్కడే ప్రభుత్వ నర్సరీ వెలిసింది. 1930లలో దుమ్ము తుఫానులు ముంచెత్తినప్పుడు, అదే గడ్డిభూముల్లో సుమారు 22 కోట్ల చెట్లను గాలికి అడ్డుగోడల్లా నాటారు. ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాలు అప్పుడు అక్కరకొచ్చాయి.

పరిశోధన పాత పొరపాట్లను కూడా దిద్దుతుంది. తొలినాటి అధికారులు నిప్పును అడవికి శత్రువుగానే చూశారు. తడి ఎక్కువగా ఉండే కొన్ని సాల్ అడవుల్లో నిప్పు పూర్తిగా ఆపేస్తే కొత్త మొలకలే రావడం లేదని తర్వాతి పరిశీలనలో తేలింది. పోడు రైతులకు అనుభవంలో ఉన్న విషయం శాస్త్రానికి ఆలస్యంగా అందింది.

1906లో డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ ఏర్పడింది. అదే ఏడు, 82 ఏళ్ళ వయసులో, బ్రాండిస్ మన దేశపు చెట్లూ పొదలూ తీగలూ వెదుళ్ళ మీద రాసిన పెద్ద గ్రంథం వెలువడింది. 1907 మే 28న ఆయన కన్నుమూశాడు. ఆ ఆగస్టులోనే టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. మన ఊరి కథ అక్కడ మొదలైంది.

నేడు రాంచీలోని అటవీ ఉత్పాదకత సంస్థ ఆ పరిశోధనను మన ప్రాంతంలో కొనసాగిస్తోంది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం, గ్రామానికి అడవి మీద ఉన్న హక్కును ఆలస్యంగానైనా ఒప్పుకుంది.

ఈసారి దల్మా వెళ్ళినప్పుడు మనమూ ఒక దారి ఎంచుకుందాం. చేతిలో వెదురు ముక్క కాకపోయినా పెన్సిలూ నోటుపుస్తకమూ చాలు. పెద్ద మానులు ఎన్నో, వాటి పక్కన మొలకలు ఎన్నో రాసుకుందాం. ఆ చెట్ల పేర్లు మాత్రం పక్క ఊరి పెద్దలను అడిగి తెలుసుకుందాం. వచ్చే ఏటికి మేము ఏ ఊళ్ళో ఉంటామో తెలియదు. మీ నోటుపుస్తకం ఉంటుంది. తర్వాతి తరగతివాళ్ళు అక్కడినుంచి లెక్క కొనసాగించవచ్చు.