జాన్ న్యూటన్: పాపం పేరు చెప్పడానికి నలభై ఏళ్లు

‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసిన జాన్ న్యూటన్ గురించి మనం చర్చిల్లో తరచూ ఒక సాక్ష్యం వింటాం. బానిసల ఓడ నడిపినవాడు తుఫానులో చిక్కుకుని దేవుణ్ణి వేడుకున్నాడు, మారిపోయాడు అని. తేదీలు వరసగా పెట్టి చూస్తే కథ అంత సులువుగా లేదు.

న్యూటన్ 1725లో లండన్‌లో పుట్టాడు. భక్తురాలైన తల్లి అతనికి ఏడేళ్లు నిండకముందే చనిపోయింది. 1744లో బలవంతంగా నౌకాదళంలో చేర్చుకుంటే పారిపోయాడు, పట్టుబడి కొరడా దెబ్బలు తిన్నాడు. తర్వాత పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక బానిస వ్యాపారి కింద తిండికీ బట్టకూ కరువై బతికాడు. తిట్లకూ దైవదూషణకూ తోటి నావికుల్లో పేరుమోశాడు.

1748 మార్చిలో ఇంగ్లండ్‌కు తిరిగి వస్తుండగా తుఫాను వచ్చింది. ఆ రోజు తాను దేవునివైపు తిరిగానని జీవితాంతం నమ్మాడు. తిట్లు మానేశాడు, బైబిల్ పట్టాడు. కానీ అదే ఏడాది బానిసల ఓడలో మేట్‌గా ఎక్కాడు. 1750 నుంచి 1754 వరకు కెప్టెన్‌గా మూడు ప్రయాణాలు చేశాడు. పైన సిబ్బందితో ప్రార్థనలు చేయించాడు, కింద మనుషులు సంకెళ్లలో ఉన్నారు. చనిపోయిన బానిసలను లాగ్‌బుక్‌లో అంకెలతో రాసుకున్నాడు. తిరుగుబాటు అనుమానంతో కుర్రాళ్ల బొటనవేళ్లకు మరలు బిగించాడు. చివరికి ఓడ దిగింది కూడా పశ్చాత్తాపంతో కాదు, జబ్బు చేసి.

1764లో పాస్టరయ్యాడు. 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం ఆ పాట రాశాడు. అందులో తాను పాపినన్న ఒప్పుకోలు ఉంది, బానిస వ్యాపారం ఊసు లేదు.

1788లో గానీ నోరు విప్పలేదు. ఓడల్లో సంకెళ్లు, స్త్రీలపై అత్యాచారాలు, చావులు, అన్నీ తాను చేసినవాడిగా, చూసినవాడిగా కరపత్రంలో రాశాడు. ప్రభుత్వ విచారణలో, పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. మరుసటి ఏడాది, బానిసగా బతికిన ఒలౌడా ఈక్వియానో తన జీవితకథ తానే రాసి అచ్చువేశాడు. 1807 మార్చిలో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది. అదే డిసెంబరులో న్యూటన్ చనిపోయాడు.

అలవాటైన పాపం అనగానే మనకు తాగుడు, జూదం, బూతులు గుర్తొస్తాయి. న్యూటన్ కూడా ముందు అలాంటివే మానాడు. చుట్టూ ఉన్న సమాజమంతా గౌరవంగా చేసే పాపం మాత్రం అతనికి పాపంలా కనబడలేదు. మన సంఘాల్లో కులం అలాంటిదే. బాప్తిస్మం తీసుకుని, సాక్ష్యం చెప్పి, పెళ్లి సంబంధానికీ సమాధుల తోటకీ కులం చూసేవాళ్లు రక్షణ పొందామనే అనుకుంటారు.

మారుమనస్సు తుఫానులో మొదలై ఉండొచ్చు. బాధితుల పక్కన నిలబడి, చేసింది పేరు పెట్టి చెప్పేదాకా అది పూర్తికాదని న్యూటన్ జీవితం మనకు చెబుతోంది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది మాత్రం అతను కాదు, లాగ్‌బుక్‌లో అంకెలుగా మిగిలిన మనుషులు.