పిడికెడు బియ్యము – బిషప్ అజరయ్య గారు

సంఘమునకు ధనము ఎక్కడనుండి రావలెను? ఈ ప్రశ్నకు తన జీవితముతోనే జవాబు చెప్పిన దైవజనుడు కీ.శే. బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతములో ఒక పల్లె గురువుగారి కుమారుడుగా జన్మించారు. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేశారు. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను పంపుట చూసి ఆలోచనలో పడ్డారు. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 12న పాళయంకోటలో ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపించబడినది. మనుష్యులు, డబ్బు, పాలన మూడును భారతీయులవే కావలెనని నియమము. 1904లో ఆ సొసైటీ మొదటి మిషనెరీని నైజాము రాజ్యములోని దోర్నకల్‌కు పంపినది. 1909లో అజరయ్య గారు అభిషేకము పొంది, తామే దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

ఇక్కడి విశ్వాసులలో ఎక్కువమంది సెంటు భూమి లేని కూలీలు. కూలి తరచుగా గింజల రూపములో దొరికేది. ఇట్టి బీదలను కానుక అడుగుట న్యాయమా? అడగకపోవుటే వారిని తక్కువ చేయుట అని అజరయ్య గారు తలంచారు. ఇచ్చువాడు బిచ్చగాడు కాడు, సంఘములో పాలివాడు. అందుకే తల్లి ఎసటిలో బియ్యము పోయునప్పుడెల్లా ఒక పిడికెడు వేరే కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చే అలవాటు బలపడినది. కోతపండుగకు ధాన్యము, కోళ్ళు, మేకలు, గుమ్మడికాయలు వచ్చేవి. వాటిని అమ్మిన సొమ్ము సంఘ నిధిలో చేరేది. క్రైస్తవ దానమును గూర్చి ఆయన ఒక చిన్న పుస్తకము కూడ వ్రాశారు.

విదేశీ సహాయము ఆయన కాలములో పూర్తిగా ఆగిపోలేదు. ఆ మాట దాచనక్కరలేదు. అయితే దానిమీదనే ఆనుకొని నిలిచిన సంఘము ఎన్నటికీ పసిబిడ్డగానే ఉండునని ఆయన ఎరుగుదురు. 1939 జనవరి 6న దోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ ప్రతిష్ఠ జరిగినది. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, తుఫానుకు, రోగికి, గుడి మరమ్మతుకు బ్యాంకులో నిలువ ధనము ఉండవలసినదే. కాని వడ్డీతో నడుచు సంఘములో ఎవరూ ఇవ్వకపోయినా లెక్కలు సరిపోవును. అదే భయము. నేడు మనకు కూలి, జీతము రూపాయలలో వచ్చుచున్నవి. వంటింటిలో ఆ కుండ మాత్రము కనబడుట లేదు. దానిని మరల పొయ్యి ప్రక్కన పెట్టుదుము గాక.