ఆవిరికి దారి చూపిన డెనిస్ పాపిన్



మా ఇంట్లోకి మొదటిసారి ప్రెషర్ కుక్కర్ వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వెళ్ళాను. కుక్కర్ కూత వేయగానే అమ్మ గరిటె అక్కడే పడేసి వాకిట్లోకి వచ్చేసింది. అది పేలిపోతుందేమోనని ఆమె భయం. ఆమెకు ధైర్యం చెప్పేంత తెలివి అప్పుడు నాకూ లేదు. ఇప్పుడు కెమికల్ ఇంజనీరింగులో ఎం.టెక్. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. కూత వేసే కుక్కర్ వల్ల ప్రమాదం లేదని, కూత వేయాల్సిన సమయంలో వేయని కుక్కర్‌తోనే ప్రమాదమని ఈ చదువు నాకు నేర్పింది. ఆ ఏర్పాటును మొదట ఆలోచించిన మహనీయుని జీవితాన్ని మీ ముందుంచాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

డెనిస్ పాపిన్ 1647 ఆగస్టు 22న ఫ్రాన్సు దేశంలోని బ్లువా పట్టణ ప్రాంతంలో జన్మించాడు. వారిది ప్రొటెస్టెంట్ కుటుంబం. ఆనాటి ఫ్రాన్సులో రాజు, ప్రజల్లో ఎక్కువమంది కాథలిక్కులు. ప్రొటెస్టెంట్లు తక్కువ సంఖ్యలో ఉండేవారు. పాపిన్ ఆంజే విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1669లో పట్టా పొందాడు. కానీ అతని మనసు వైద్యం మీద నిలవలేదు, యంత్రాల మీదకు పోయింది. 1670ల మొదట్లో పారిస్ చేరి, గొప్ప శాస్త్రవేత్త క్రిస్టియన్ హైగెన్స్ దగ్గర సహాయకుడిగా కుదిరాడు. అక్కడ గాలి పంపుతో పాత్రల్లోంచి గాలిని తీసేసే ప్రయోగాలు చేశాడు. 1674లో వాటి గురించి ఒక పుస్తకం ప్రచురించాడు.

1675లో అతడు లండన్ వెళ్ళాడు. మనం తొమ్మిదిలోనో, ఇంటర్‌లోనో చదువుకున్న బాయిల్ నియమం గుర్తుందా? ఆ రాబర్ట్ బాయిల్ దగ్గరే పాపిన్ కొన్నేళ్ళు పనిచేశాడు. అంతవరకు అతని పని గాలిని బయటికి లాగడం. ఇక్కడ అతని ఆలోచన ఎదురు దిక్కుకు తిరిగింది. గట్టి మూత ఉన్న పాత్రలో నీరు పోసి, ఆవిరిని బయటికి పోనీయకుండా వేడి చేస్తే ఏమవుతుంది?

మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఎంత మంట పెట్టినా అంతకంటే వేడెక్కదు. ఆవిరిని లోపలే బంధిస్తే పీడనం పెరుగుతుంది, దానితోపాటు మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. మన వంటింటి కుక్కర్‌లో అది సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. పాపిన్ తన పాత్రలో గట్టి ఎముకలను సైతం మెత్తబరిచాడు. పారేసే ఎముకల నుంచి పేదవారికి చౌకగా బలమైన ఆహారం తయారు చేయవచ్చని అతని ఆశ. 1679లో ఆ పాత్రను రాయల్ సొసైటీ ముందు ప్రదర్శించాడు. మరుసటి ఏడాది ఆ సంస్థలో సభ్యత్వం పొందాడు. 1681లో ఆ పాత్ర గురించి పుస్తకం రాశాడు. 1682 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ సభ్యులు ఆ పాత్రలో వండిన చేపలు, మాంసంతో విందు చేసుకున్నారు.

అయితే ఆవిరిని బంధించడం ఆటకాదు. ఏ పాత్రకైనా ఒక హద్దు ఉంటుంది. ఇనుము మందం పెంచుకుంటూ పోతే పాత్ర బలపడుతుంది. కానీ మంట ఆగకపోతే ఆవిరి బలం కూడా పెరుగుతూనే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆవిరే గెలుస్తుంది. పాపిన్ గొప్పతనం ఇక్కడే ఉంది. అతడు పాత్రను బలంగా చేసి ఊరుకోలేదు. పాత్ర ఓడిపోకముందే ఆవిరి బయటికి పోయేందుకు దారి పెట్టాడు. మూతకు ఒక చిన్న రంధ్రం, దాని మీద ఒక బిరడా, బిరడాను నొక్కి పట్టే ఒక కడ్డీ, కడ్డీ చివర ఒక బరువు. ఇదే సేఫ్టీ వాల్వు.

ఇది ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. రంధ్రం వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, లోపలి ఆవిరి బయటి గాలి కంటే 2 కిలోల పీడనం అధికంగా చూపుతోంది అనుకోండి. బిరడాను 2 కిలోల బలం పైకి నెడుతుంది. కడ్డీ మీద బిరడా కంటే ఐదు రెట్ల దూరంలో బరువు వేలాడదీస్తే 400 గ్రాములు చాలు. పీడనం అంతకు మించగానే బిరడా లేస్తుంది, ఆవిరి పోతుంది, పీడనం తగ్గగానే బిరడా మళ్ళీ కూర్చుంటుంది. బరువును కడ్డీ మీద ముందుకూ వెనక్కూ జరిపితే హద్దు మారుతుంది. కూరగాయల తూనిక కోల చూసినవారికి ఇది కొత్త కాదు. ఆ బరువును చూసి లోపల ఎంత పీడనం ఉందో కూడా పాపిన్ లెక్క కట్టేవాడు. వేడి తెలుసుకోవడానికి మూత మీద ఒక నీటి చుక్క వేసి, అది ఆవిరైపోవడానికి పట్టే కాలాన్ని లోలకంతో లెక్కించేవాడు. పరికరాలు లేవని అతడు ఆగలేదు.

ఇంత తెలివి ఉన్నా అతనికి నిలకడైన ఉద్యోగం దొరకలేదు. కొన్నేళ్ళు వెనిస్‌లో పనిచేసి 1684లో మళ్ళీ లండన్ వచ్చాడు. 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ప్రొటెస్టెంట్లకు ఉన్న రక్షణను రద్దు చేశాడు. పాపిన్‌కు సొంత దేశం తలుపు మూసుకుపోయింది. తర్వాత జర్మనీలోని మార్బర్గ్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించాడు. అక్కడ ఉండగా 1690లో, గొట్టంలోని ఆవిరి చల్లబడితే ఏర్పడే శూన్యం వల్ల ముషలకాన్ని కిందికి దించవచ్చని ఒక వ్యాసం రాశాడు. అదే ముషలకంతో నడిచే ఆవిరి యంత్రానికి బీజం.

1695లో కాసెల్ నగరానికి మారాడు. 1707లో చక్రాలతో నడిచే ఒక పడవ కట్టి, కుటుంబంతో సహా ఫుల్డా నదిలో ఇంగ్లండు దిశగా బయలుదేరాడు. ఆ నదిపై రాకపోకల హక్కు తమదేనన్న పడవవాళ్ళ సంఘం ముండెన్ దగ్గర ఆ పడవను పగలగొట్టింది. చివరకు లండన్ చేరాడు. అప్పటికి బాయిల్, హుక్ వంటి పాతవారు లేరు. రాయల్ సొసైటీకి న్యూటన్ అధ్యక్షుడు. పాపిన్ తన ప్రయోగాలకు డబ్బు అడిగాడు, దొరకలేదు. అతని చివరి ఉత్తరం 1712 జనవరి నాటిది. అదే ఏడాది న్యూకోమెన్ ముషలకంతో నడిచే ఆవిరి యంత్రాన్ని గనిలో నీరు తోడడానికి నిలబెట్టాడు. పాపిన్ పేదరికంలో కన్నుమూశాడు. 1713 ఆగస్టు 26న లండన్‌లోని సెయింట్ బ్రైడ్స్ చర్చిలో అతనిని ఖననం చేసినట్టు ఒక రిజిస్టరులో నమోదై ఉంది.

అతడు పోయినా అతని వాల్వు ఉండిపోయింది. బాయిలర్లు, రైలింజన్లు వచ్చాయి. ఎక్కువ శక్తి కావాలని కొందరు డ్రైవర్లు వాల్వును నొక్కి కట్టేసేవారు, బాయిలర్లు పేలేవి. అలా బిగించడానికి వీలులేని వాల్వును జాన్ రామ్స్‌బాటమ్ 1855 ప్రాంతంలో తయారు చేశాడు.

రసాయన రియాక్టర్ల సంగతి ఇంకా కష్టం. కుక్కర్ కింద మంట ఆపితే చాలు. రియాక్టర్‌లో వేడి లోపలి చర్య నుంచే పుడుతుంది. స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకు చర్య వేగం రెట్టింపవుతుంది. చర్య పెరిగితే వేడి, వేడి పెరిగితే మళ్ళీ చర్య. చల్లబరిచే నీరు ఆ వేగాన్ని అందుకోలేదు. పాలిథీన్ తయారీలో పీడనం వాతావరణ పీడనానికి రెండు మూడు వేల రెట్లు ఉంటుంది. అక్కడ ఇథిలీన్ వాయువు విచ్ఛిన్నం కావడం మొదలైతే రెప్పపాటులో పీడనం ఎగబాకుతుంది. అందుకే అలాంటి చోట్ల పలుచని లోహపు రేకును అమర్చుతారు. దాన్ని రప్చర్ డిస్క్ అంటారు. నిర్ణయించిన పీడనానికి అది సెకనులో వెయ్యవ వంతుల లెక్కలో చిరిగి దారి ఇస్తుంది. వేగంగా తెరుచుకునే వాల్వులు కూడా తోడుగా ఉంటాయి. గంజి పొంగినట్టు లోపలి ద్రవం నురగై వాయువుతోపాటు వస్తుంది కనుక, దారి ఎంత వెడల్పు ఉండాలన్నది పెద్ద లెక్క.

దారి ఉంటే చాలదు, అది ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. 1976 జూలై 10న ఇటలీలోని సెవెసో దగ్గర డిస్క్ తన పని తాను చేసింది. కానీ బయటికొచ్చిన విషాన్ని పట్టుకునే ట్యాంకు లేదు, డయాక్సిన్ ఊళ్ళ మీద పడింది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోనూ వాల్వు తెరుచుకుంది. విషవాయువును శుద్ధి చేసే స్క్రబ్బరు దాన్ని ఆపలేకపోయింది, కాల్చేసే ఫ్లేరు పనిలో లేదు. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ట్యాంకులోని స్టైరీన్ తనంతట తాను వేడెక్కి, ఆవిరై నిద్రపోతున్న జనం మీదికి వచ్చింది.

నేను శిక్షణ కోసం ఒక ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు ఒక రియాక్టర్ రిలీఫ్ పైపు మీది వాల్వు మూసి ఉండటం చూశాను. ఎందుకని అడిగితే, వాసన వస్తోందని మూశామన్నారు. అంటే ఆ రియాక్టర్ నోరు కట్టేశారన్నమాట. అక్కడ పనిచేసే హెల్పర్లలో ఇద్దరు మన హాస్టల్‌లో చదివిన అన్నలే. వాళ్ళు రోజూ దాని పక్కనే నిలబడి మధ్యాహ్నం టీ తాగుతారు. కొత్తవాడిని, శిక్షణలో ఉన్నవాడిని, చెప్పాలా వద్దా అని ఒక రోజంతా సందేహించాను. చివరకు ఇంజనీరు గారికి చెప్పాను. ఆయన ఆ పూటే వాల్వు తెరిపించి, మళ్ళీ ఎవరూ మూయకుండా తాళం వేయించారు. ఆ ఒక్క రోజు ఆలస్యం గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

తమ్ముళ్ళారా, మనలో చాలామంది రేపు ఫ్యాక్టరీలకే వెళ్తాం. కెమిస్టుగా వెళ్ళినా, హెల్పర్‌గా వెళ్ళినా ఆ రిలీఫ్ పైపు ఎక్కడుందో, అది తెరిచి ఉందో లేదో, ఎక్కడికి పోతుందో మొదటి రోజే తెలుసుకోండి. మూసి ఉంటే నాలాగా ఒక రోజు ఆగకండి. మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మకు ఈ పాపిన్ కథ చెప్పాను. ఇప్పుడామె కూతకు బయటికి పరుగెత్తడం లేదు. వండే ముందు వెయిట్ తీసి, రంధ్రంలో మెతుకులు అడ్డుపడ్డాయేమోనని వెలుతురుకు పెట్టి చూస్తోంది. మీరు కూడా అలాగే చూస్తారని కోరుకుంటూ,

మీ హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.టెక్. (కెమికల్ ఇంజనీరింగ్)