పదిహేనేళ్ళకే మఠం గడప దాటిన అమ్మాయి: లిసియు తెరేసా

ఈ వారం వీడియోలో సన్యాసం గురించి మాట్లాడుకున్నాం కదా. మొసలి కాలు పట్టుకున్నప్పుడు ఆది శంకరులు తల్లి దగ్గర సన్యాసానికి అనుమతి తీసుకున్న కథ మనం చిన్నప్పుడే విన్నాం. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న. వైరాగ్యం నిజంగా లోపలినుంచి వచ్చిందా, బాధ తట్టుకోలేక పారిపోతున్నామా, లేక ఎవర్నో చూసి మనకీ అలా అనిపిస్తోందా? తేడా ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకి నాకు బాగా దారి చూపించిన జీవితం ఒక క్రైస్తవ సన్యాసినిది. లిసియు తెరేసా. తెలుగు కథోలికులు చిన్న తెరేజమ్మ అంటారు. మదర్ థెరిసా తన పేరు తీసుకున్నది ఈమె నుంచే.

తెరేసా 1873 జనవరి 2న ఫ్రాన్స్‌లోని అలెన్సోన్‌లో పుట్టింది. తండ్రి లూయీ మార్టిన్ గడియారాల పని చేసేవాడు, తల్లి జెలీ లేసు వ్యాపారం నడిపేది. ఇద్దరూ పెళ్ళికి ముందు సన్యాసం కోరుకున్నవాళ్ళే, కుదరలేదు. తొమ్మిది మంది పిల్లల్లో బతికింది ఐదుగురు ఆడపిల్లలు. తెరేసా అందరికన్నా చిన్నది.

ఆమెకి నాలుగున్నరేళ్ళప్పుడు తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. కుటుంబం లిసియు పట్టణానికి మారింది. రెండో అక్క పౌలీన్‌నే అమ్మా అనుకుంది తెరేసా. 1882లో ఆ అక్క కూడా కార్మెల్ మఠంలో చేరిపోయింది. కార్మెల్ అంటే లోపలికి వెళ్ళాక మళ్ళీ బయటికి రాని మఠం. ఇంట్లోవాళ్ళు చూడ్డానికి వచ్చినా మధ్యలో కటకటాలు ఉంటాయి. మరుసటి ఏడాది తెరేసాకి పెద్ద జబ్బు చేసింది. 1886లో పెద్దక్క మరీ కూడా అదే మఠానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి పిల్ల నేనూ అక్కడికే వెళ్తానంటే ఎవరైనా ఏమనుకుంటారు? అక్కల మీద బెంగ అనే కదా! తెరేసా తనే ఈ ప్రశ్న వేసుకుంది. తను కోరుకుంటున్నది అక్కని కాదు, దేవుణ్ణి అని తేల్చుకుంది. కానీ తను తేల్చుకుంటే సరిపోదు. మిగతావాళ్ళు ఒప్పుకోవాలి.

ఆమెలో మార్పు 1886 క్రిస్మస్ రాత్రి వచ్చింది. అప్పటిదాకా చిన్న మాటకే ఏడ్చేసే పిల్ల. ఆ రాత్రి తండ్రి అలసటలో, ఈ చిన్నపిల్లల ముచ్చట్లు ఈ ఏడాదితో ఆఖరు అని విసుక్కోవడం ఆమె చెవిన పడింది. కన్నీళ్ళు మింగేసి, కిందికి దిగి, నవ్వుతూ కానుకలు విప్పింది. చూడ్డానికి చాలా చిన్న విషయం. కానీ తన గురించి తను ఏడవడం మానేసింది ఆ రోజే.

1887 మే నెలలో ఇంటి తోటలో తండ్రిని అడిగింది. ఆయన ఏడ్చాడు, ఒప్పుకున్నాడు. గోడ మీద పూసిన చిన్న తెల్ల పువ్వుని వేళ్ళతో సహా తీసి కూతురి చేతిలో పెట్టాడు. మేనమామ ముందు కుదరదన్నాడు, తర్వాత మెత్తబడ్డాడు. మఠం బాధ్యత చూసే ఫాదర్ మాత్రం ఇరవై ఒకటి నిండాలన్నాడు. పెద్దదానిలా కనిపించాలని జుట్టు ముడి వేసుకుని బిషప్ దగ్గరికి వెళ్ళింది. ఆయనా వెంటనే తేల్చలేదు.

చివరికి 1887 నవంబర్ 20న రోమ్‌లో పోప్ పదమూడవ లియో ముందు మోకరిల్లింది. ఎవరూ మాట్లాడకూడదని ముందే హెచ్చరించారు. అయినా అడిగేసింది. పెద్దలు చెప్పినట్టు చెయ్యి, దేవుడి ఇష్టమైతే చేరతావు అన్నాడాయన. ఆమె కదల్లేదు. కాపలావాళ్ళు లేపి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

ఇన్ని వద్దుల మధ్య ఆమె ఎవరి మీదా పగ పెట్టుకోలేదు, దారీ మార్చుకోలేదు. అనుమతి వచ్చింది. 1888 ఏప్రిల్ 9న మఠం తలుపు దగ్గర తండ్రి తనూ మోకాళ్ళ మీద కూర్చుని ఆమెని ఆశీర్వదించాడు.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకోకండి. ఏడాది తిరక్కుండానే తండ్రికి మతి చెదిరి ఆస్పత్రిలో చేర్చారు. కూతుళ్ళు వెళ్ళిపోవడం వల్లే ఇలా అయిందని ఊళ్ళో అనుకున్నవాళ్ళూ ఉన్నారు. కటకటాల వెనకనుంచి ఆమె చెయ్యగలిగింది ప్రార్థన ఒక్కటే.

1890 సెప్టెంబర్ 8న శాశ్వత దీక్ష. ముందు రోజు రాత్రి ఆమెకి ఉన్నట్టుండి అనిపించింది, ఈ పిలుపంతా నా భ్రమేనేమో, అందర్నీ మోసం చేస్తున్నానేమో అని. దాన్ని దాచలేదు. దీక్ష ఆపేస్తారేమోనన్న భయంతోనే కొత్త సిస్టర్లకి నేర్పే గురువమ్మకి చెప్పేసింది. చెప్పగానే సందేహం విడిపోయింది. మఠాధ్యక్షురాలికి చెప్తే ఆవిడ నవ్వేసిందంతే!

నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. పిలుపు నిజమైతే సందేహం రాదని కాదు. వచ్చిన సందేహాన్ని వెలుగులో పెట్టినా ఆ పిలుపు నిలబడింది.

మఠంలో ఆమె చేసినవి మామూలు పనులు. ఊడ్చింది, బట్టలుతికింది. పక్క సిస్టర్ మురికినీళ్ళు మొహాన చిందిస్తున్నా తుడుచుకోకుండా ఓర్చుకుంది. ప్రార్థనలో కునికిపాట్లు పడేది, దానికీ కుంగిపోలేదు. పెద్ద పనులు తన వల్ల కావు, చిన్న పనినే ప్రేమతో చేస్తాననుకుంది. మన నిష్కామ కర్మ తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

క్షయ వచ్చింది. చివరి ఏడాదిన్నర పరలోకం ఉందా అన్న చీకటి కూడా కమ్మింది. ఆ చీకట్లోనే ప్రార్థిస్తూ 1897 సెప్టెంబర్ 30న, 24 ఏళ్ళకి కన్నుమూసింది. నా వయసు కూడా లేదు. మరుసటి ఏడాది ఆమె ఆత్మకథ అచ్చయింది. 1925లో చర్చి ఆమెని పునీతురాలిగా ప్రకటించింది.

మనలో చాలామందికి ఉద్యోగం వదిలేసి ఏ ఆశ్రమానికో వెళ్ళిపోదామని ఒక్కసారైనా అనిపించి ఉంటుంది. అనిపిస్తే తప్పు లేదు. కానీ ఆ కోరిక వద్దు అన్న మాటని తట్టుకుంటుందా? పెద్దలకి చెప్పుకున్నాక కూడా నిలుస్తుందా? ఈ రోజు ఇంట్లో గిన్నెలు కడిగేటప్పుడు కూడా ఉంటుందా? ఈ మూడూ అడిగి చూసుకోండి. తొందరేం లేదు.

వచ్చే వారం ఇంకో జీవితంతో కలుద్దాం. శుభం!