విలేఖరి మెక్‌గాహన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒహైయో యను రాష్ట్రము కలదు. అచ్చట న్యూలెక్సింగ్టన్ పట్టణ సమీపమున, ఒక రైతు కుటుంబములో జాన్యూరియస్ మెక్‌గాహన్ 1844వ సంవత్సరము జూన్ 12వ తేదీన జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. అతడు పొలముపనులు చేయుచు చదువుకొని, పెద్దవాడైన పిదప ఉన్నతవిద్యకై ఐరోపా ఖండమునకు వెళ్లెను. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవింపగా 'న్యూయార్క్ హెరాల్డ్' పత్రిక అతనిని విలేఖరిగా నియమించెను.

మరుసటి యేట పారిసు ప్రజలు ప్రభుత్వముపై తిరుగబడి 'కమ్యూను' అను స్వపరిపాలనమును స్థాపించిరి. ప్రభుత్వ సైన్యము నగరమును మరల పట్టుకొనిన దినములలో, అనుమానితులైనవారిని విచారణ లేకయే కాల్చి చంపుచుండిరి. తిరుగుబాటు నాయకులతో మెలగిన మెక్‌గాహన్ కూడ బంధింపబడెను. అమెరికా రాయబారి వాష్‌బర్న్ కలుగజేసికొననిచో అతని కథ అచ్చటనే ముగిసియుండెడిది.

అయినను అతడు వెనుదీయలేదు. 1873లో రష్యా సైన్యము మధ్య ఆసియాలోని ఖీవాపై దండెత్తెను. విలేఖరులు వెంట రాగూడదని అధికారులు నిషేధించిరి. మెక్‌గాహన్ కొలదిమంది అనుచరులతో గుఱ్ఱమెక్కి కిజిల్‌కుమ్ ఎడారిలో ప్రవేశించెను. వెనుక కొసాకు రౌతులు తరుముచుండిరి. ముందు నీటిచుక్క యెచ్చట దొరకునో తెలియదు. తుదకు అతడు సైన్యమును కలిసికొనగా, సేనాని కాఫ్‌మన్ అతనిని దండింపక ఆదరించెను.

అతని పేరును శాశ్వతము చేసినది 1876వ సంవత్సరము. ఆ కాలమున బల్గేరియా తురుష్క సామ్రాజ్యములోనిది. అచ్చటి ప్రజల తిరుగుబాటును అణచుటకు పంపబడిన బాషీ బజూకులను అక్రమ సైనికులు గ్రామములకు గ్రామములనే నాశనము చేసిరని వార్తలు వచ్చెను. తురుష్కులకు మిత్రమైన బ్రిటిషు ప్రభుత్వము వానిని నమ్మలేదు. ప్రధానమంత్రి డిజ్రేలీ తేలికగా కొట్టివేసెను. నిజము తెలిసికొనుటకు లండనులోని 'డైలీ న్యూస్' పత్రిక మెక్‌గాహన్‌ను పంపెను. అతడు అమెరికా దౌత్యోద్యోగి యూజిన్ షైలర్‌తో కలిసి కొండలలోని బాటక్ గ్రామమునకు వెళ్లెను. ఇండ్లన్నియు కాలిపోయియుండెను. ప్రాణభీతిచే చర్చిలో దాగిన స్త్రీలు, పసిపిల్లలు సైతము వధింపబడిరి. వారికి అంత్యక్రియలైన జరుగలేదు. బ్రతికినవారు అతని చుట్టును చేరి విలపించిరి. నిష్పక్షపాతముగా నుండవలెనని బయలుదేరిన తాను ఇక నట్లుండలేకున్నానని అతడు తన లేఖలో దాచక యొప్పుకొనెను. విలేఖరికిది తగదని కొందఱనవచ్చును. కాని కనులార చూచినదానిని అతడు ఉన్నదున్నట్లే వ్రాసెను.

ఆ లేఖలు చదివి ఇంగ్లండు ప్రజలు ఆగ్రహించిరి. గ్లాడ్‌స్టన్ కూడ ప్రభుత్వమును ఖండించుచు ఒక పుస్తకమును ప్రకటించెను. 1877లో రష్యా తురుష్కులపై యుద్ధము ప్రకటించినపుడు బ్రిటను వారికి సాయముగా రాలేకపోయెను. చీలమండ గాయపడియున్నను మెక్‌గాహన్ కుంటుచునే సైన్యము వెంట నడచి, ప్లెవ్నా పోరాటమును లోకమునకు తెలిపెను.

తుపాకిగుండ్లకు చిక్కని ఆ మనుజుని జ్వరము బలిగొనెను. యుద్ధానంతరమున కాన్‌స్టాంటినోపిలులో విషజ్వరములు వ్యాపించెను. బెర్లిను మహాసభకు వెళ్లుటకు సిద్ధపడుచున్న మెక్‌గాహన్, రోగగ్రస్తుడైన తన మిత్రుడు గ్రీన్‌ను విడువలేక పరిచర్య చేయుచు నిలిచిపోయెను. గ్రీన్ కోలుకొనెను. మెక్‌గాహన్ 1878 జూన్ 9వ తేదీన, ముప్పదినాలుగేండ్లయినను నిండకమునుపే మరణించెను. ఆరేండ్ల పిమ్మట అతని అస్థులను అమెరికాకు కొనిపోయి న్యూలెక్సింగ్టన్‌లో సమాధి చేసిరి. రష్యా దేశీయురాలైన అతని భార్య వార్వారా, అమెరికాలో నివసించుచు రష్యా పత్రికలకు విలేఖరియయ్యెను.